గడీ లేని వూళ్లో ‘మాభూమి’

‘మాభూమి’ ప్రసక్తి వచ్చినప్పుడల్లా మనం దాని సాహసాన్ని మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా, బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, అంతకుముందు కథాచిత్రమేదీ తీయని గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ యువకుడు 1979లో దాన్ని రూపొందించాడు. రామయ్యగా నటించిన సాయిచంద్ తెరకు కొత్త. తెలంగాణ పల్లె భాషను మన సినిమా అంతవరకు ఎక్కువగా నవ్వించడానికే వాడుకుంది. ఇందులో మనుషులు ఆ భాషలోనే ఏడ్చారు, ఎదురు తిరిగారు. బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ పాడగా, పోరాట కాలపు గొంతు తెర మీదికి వచ్చింది. 1948 పోలీసు చర్య తర్వాత దొరలు మళ్లీ వూళ్లోకి రావడాన్ని కూడా చిత్రం దాచిపెట్టలేదు.

చిత్రం తయారైన తీరు ఇది. కాని రాజకీయ చిత్రం విలువ తీసిన వాళ్ల ఆశయంతోనే తేలిపోదు. విడుదలైన తర్వాత అది ఎవరి పక్కన కూర్చుని చూస్తున్నామో కూడా చూడాలి. ఈ మాట నేను గ్రంథాల్లో నేర్చుకున్నది కాదు.

మాది కొడంగల్ పక్క పల్లె. ఈ ప్రాంతం 1956 దాకా గుల్బర్గా జిల్లాలో వుండేది. తర్వాత మహబూబ్‌నగర్‌లో చేరింది, ఇప్పుడు వికారాబాదు జిల్లాలో వుంది. సాయుధ పోరాటం ప్రధానంగా నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో సాగింది. మా తాత పట్వారీ. మాకు గడీ లేదు, గుర్రాలు లేవు. అందుచేత హైదరాబాదులో మొదటిసారి ‘మాభూమి’ చూసినప్పుడు ఏ బెరుకూ లేకుండా చప్పట్లు కొట్టాను. దొర వేరు, మేము వేరు అని నా నమ్మకం.

తర్వాత ఆ చిత్రం తాండూరు వచ్చింది. అప్పుడు నేను బడిపంతులుని. నలుగురు విద్యార్థులను, మా పొలం చేసిన ఒక వృద్ధుణ్ణి వెంటబెట్టుకుని బస్సులో వెళ్లాను. చిన్నతనంలో మా ఇంట్లో వెట్టి చేసిన మనిషి ఆయన. ఆట అయ్యాక బస్సు కోసం నిలబడ్డాం. విద్యార్థులు ఉద్రేకంగా మాట్లాడుకుంటున్నారు. ఆయన బీడీ ఆర్పేసి నాతో అన్నాడు:

“పటం మంచిగున్నది చిన్న పంతులూ. ఆ వూర్ల గడీ వుండె, సంగపోల్లు పోయి గుంజుకున్నరు. మన వూర్ల గడీ లేకపాయె. నా చెల్క కాయిదంలనే పాయె. గా కాయిదం యాడున్నదో నీకెర్కేనా?”

నాకు ఎరుకే. మా ఇంటి సందూకలో వుంది.

1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. గొప్ప చట్టమే. అయితే ఎవరు దున్నుతున్నారో వూళ్లో రాసేది పట్వారీ కలం. ఆ కలం వదిలేసిన పేరు చట్టానికి కనిపించదు. ఆ రాత్రి సందూక తెరిచాను. మర్నాడు మా బడి ఉర్దూ మాస్టరు చేత పాత పహాణీలు చదివించాను. ముందు సంవత్సరాల్లో సాగుదారు గడిలో ఆయన పేరుంది. తర్వాత లేదు. దస్తూరీ మా తాతదే.

ఆ కాగితాలు ఆయన చేతికిచ్చాను. మా నాన్న నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. చివరికి పెద్దమనుషుల్లో రాజీ అయింది: ఐదెకరాల్లో రెండెకరాలు ఆయనకు దక్కాయి. మిగతా మూడెకరాల కోసం కచేరీకెక్కి, తండ్రికి ఎదురుగా సాక్ష్యం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. దాన్ని తండ్రి మీద గౌరవమని చాలాకాలం పిలుచుకున్నాను. అది వర్గప్రయోజనమే.

1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ మీద జమీందారులు కత్తి కట్టారు. దాన్ని తీసిన సారథి సంస్థ వెనకా ఒక జమీందారు ధనమే వుంది. మనుషులు ఇలా రెండు వైపులా నిలబడడం కొత్త కాదు. కాని ఎటు ఎంత నిలబడ్డామో లెక్క చెప్పుకోవాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ‘మాభూమి’ని మీ కళాశాలల్లో ప్రదర్శించండి, శిల్పం గురించి చర్చించండి. కాని వూరి నుంచి నలుగురు పెద్దలను కూడా పిలవండి. ఆట ముగిశాక ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. వాళ్ల మాటల్లో మీ ఇంటి పేరు వినిపిస్తే లేచి వెళ్లిపోకండి.