ఎందరిని కనాలో ఎవరు చెప్పాలి?

ప్రియమైన పాఠకులకు,

ప్రపంచ జనాభా 800 కోట్లు దాటిన 2022 నవంబరు నుంచి మీ ఉత్తరాల్లో ఈ ప్రస్తావన తరచూ వస్తోంది. కట్టడి చేయకపోతే ఎలా అని కొందరు రాస్తున్నారు. దక్షిణాదిలో జనం తగ్గితే, జనాభాను బట్టి పంచే లోక్‌సభ సీట్ల సంగతి రేపు ఏమిటని ఇంకొందరు అడుగుతున్నారు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. పిల్లల్ని వద్దనడమూ, కనమనడమూ సర్కారు పని కాదు.

మన చట్టమే చూడండి. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో పంచాయతీరాజ్ చట్టంలో రాసుకున్నాం. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే చెబుతున్నారు. ఆ నిబంధన వల్లే కాన్పులు తగ్గాయా అంటే, అదీ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93 నాటికే మన రాష్ట్రంలో సగటున ఒక్కో స్త్రీకి 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి 1.7. ఏ నిబంధనా పెట్టని కేరళ కూడా 1.8 దగ్గరే ఉంది. మరి ఆ నిబంధన చేసిందేమిటి? ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో పరిశోధకురాలు నిర్మలా బుచ్ అధ్యయనం చేసినప్పుడు, పదవి కోసం బిడ్డను దత్తతకిచ్చినవాళ్లు, గర్భం తీయించినవాళ్లు, చివరికి భార్యను వదిలేసినవాళ్లు కూడా బయటపడ్డారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల సంగతి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి డెబ్బై మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల లెక్క చూస్తే నూటికి ఒక్కరు కూడా లేరు! మగవాళ్లకు చేసే వేసక్టమీకి పొట్ట కోయక్కర్లేదు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. అయినా "మగాడు బరువులు ఎత్తాలి, నీరసపడతాడు" అని అత్తగారే అడ్డుపడుతుంది. మన రాష్ట్రంలో పదిమంది ఆడపిల్లల్లో ముగ్గురికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లవుతోంది. ఇద్దరు పుట్టగానే, పాతికేళ్లయినా దాటకముందే, ఆపరేషన్ బల్ల ఎక్కిస్తున్నారు. 2022 ఆగస్టులో తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. కుటుంబ నియంత్రణ అని మనం గొప్పగా చెప్పుకునేదాని భారమంతా మోసింది ఈ ఆడవాళ్లే.

బలవంతం ఎక్కడికి తీసుకెళ్తుందో 1976లో ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్లు చూపించాయి. చైనా మూడున్నర దశాబ్దాలు ఒక్క బిడ్డే అంది, 2021లో ముగ్గుర్ని కనొచ్చంది. అయినా 2022 నుంచి అక్కడ జనం తగ్గుతూనే ఉన్నారు. ప్రపంచ జనాభా కూడా 2080ల్లో 1,030 కోట్ల దగ్గర ఆగి, ఆపై తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. ఇక లోక్‌సభ సీట్ల లెక్క న్యాయంగా తేల్చాల్సింది పార్లమెంటు. దానికోసం మన ఆడపిల్లలు మూడో కాన్పు మోయాలా?

మీ ఇంట్లో పెళ్లీడుకొచ్చిన అమ్మాయి ఉంటే ముందు చదువు పూర్తి కానివ్వండి. కోడలికి ఇద్దరు పుట్టారని ఆపరేషన్‌కు తొందరపెట్టకండి. ఆమె ఇక చాలంటే, ఈసారి అబ్బాయిని ఆస్పత్రికి పంపండి.

ఇట్లు,
మీ సంపాదకురాలు