నాగోలు నుంచి రాయదుర్గం దాకా: హైదరాబాదు మెట్రో మూడవ కారిడారు పర్యటన

హైదరాబాదు మెట్రో తొలి దశలోని మూడు కారిడార్లలో మూడవది, నగరానికి తూర్పున మూసీ సమీపంలో ఉన్న నాగోలును పడమట ఐటీ సంస్థల నడుమ నిలిచిన రాయదుర్గంతో కలుపుతూ, 23 స్టేషన్ల మీదుగా సుమారు 29 కిలోమీటర్లు సాగుతుంది. ఈ మార్గాన్ని ఒక కొస నుంచి మరో కొసకు పరిశీలిస్తూ వెళ్లే సందర్శకుడికి, దాని నడిమి భాగం ఇంజనీర్ల నైపుణ్యాన్ని చూపుతుందనీ, కొసలు మాత్రం భూమి, పెట్టుబడి, ప్రభుత్వాల ఎంపికలను బయటపెడతాయనీ క్రమంగా తెలిసివస్తుంది.

నాగోలు స్టేషను కింది విశాలమైన స్థలంలో ఉదయం నుంచే ద్విచక్ర వాహనాలు బారులు తీరుతాయి. రైలు ఇంటిదాకా రాని శివారులో వాహనం నిలుపుకోవడానికి చోటుండడం టికెట్టంత ముఖ్యమని, ఇక్కడ పార్కింగు రుసుము వసూలు చేయాలన్న ప్రతిపాదనపై 2024 ఆగస్టులో ప్రయాణికులు తెలిపిన నిరసన చాటింది. సమీపంలోని ఉప్పల్ డిపోలో రైళ్లను కడిగి, తనిఖీ చేసి, రాత్రివేళ నిలిపి ఉంచుతారు. మూడు కారిడార్లలో రైళ్ల రాకపోకలను పర్యవేక్షించే నియంత్రణ కేంద్రం కూడా అక్కడే ఉంది. ప్రతి రైలూ తానున్న చోటును రేడియో తరంగాల ద్వారా ఎప్పటికప్పుడు తెలియజేస్తుండగా, ముందున్న రైలుకు ఎంత దూరం పాటించాలో, ఎంత వేగంతో పోవచ్చో కంప్యూటరు లెక్కగట్టే ఈ పద్ధతిని సీబీటీసీ అంటారు. రైలు నడిపే ఆపరేటరు చాలావరకు తలుపుల మీద, పట్టాల మీద దృష్టి ఉంచితే సరిపోతుంది.

ఉప్పల్ దాటిన తరువాత మార్గం హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడల మీదుగా రద్దీ రోడ్ల పైనే సాగుతుంది. రోడ్డు మధ్యనున్న డివైడరులో ఒంటి స్తంభాన్ని నిలిపి, దాని మీద వయాడక్టును, అంటే పట్టాలను మోసే ఎత్తైన వంతెనను నిర్మించడం వల్ల కింది రాకపోకలకు వీలైనంత జాగా మిగిలింది. వంతెనను రోడ్డు మీదే పోతపోయకుండా, సెగ్మెంట్లు అనే కాంక్రీటు ముక్కలుగా వేరే యార్డులో తయారుచేసి, లారీల్లో తెచ్చి, స్తంభాల మీద ఆనించిన లాంచింగ్ గర్డరు అనే భారీ యంత్రంతో పైకి లేపి, జిగురు పూసి, లోపలి ఉక్కు తీగలను బిగలాగి ఒకే దూలంగా మార్చారు. ఒక ముక్క అంచునే అచ్చుగా పెట్టి పక్క ముక్కను పోతపోయడం వల్ల అవి ఒకదానికొకటి సరిగ్గా అతుకుతాయి. ఒలిఫెంటా వంతెన దగ్గర రైల్వే పట్టాలను దాటవలసి రావడంతో అక్కడ ఉక్కు వంతెనను అమర్చారు.

కొరియాకు చెందిన హ్యుందాయ్ రోటెమ్ తయారుచేసిన రైళ్లకు మూడేసి బోగీలుండగా, ప్లాట్‌ఫారాలను ఆరు బోగీలకు సరిపడా కట్టారు. రైలు ఆగినప్పుడు సగం ప్లాట్‌ఫారం ఖాళీగా మిగలడం చూసే సందర్శకుడు దానిని వృథాగా భావించవచ్చు గాని, స్టేషనును తరువాత పొడిగించడం కన్నా బోగీలను చేర్చడం ఎంతో సులభమన్న ముందుచూపు అందులో ఉంది. రద్దీ వేళల్లో నిలబడడానికైనా చోటు దొరకని బోగీలను చూస్తే, ఆ ముందుచూపు ఫలించవలసిన కాలం వచ్చిందనిపిస్తుంది. మియాపూర్–ఎల్బీనగర్ మార్గం దీనితో కలిసే అమీర్‌పేటలో రెండు మార్గాలు ఒకదానిపై ఒకటిగా ఉండడం వల్ల, ప్రయాణికులు స్టేషను దాటకుండానే ఎస్కలేటర్ల మీదుగా దారి మారతారు.

ఈ కారిడారు ఒక్కసారిగా పూర్తికాలేదు. 2017 నవంబరు 28న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన మియాపూర్–నాగోలు మార్గంలో దీని తూర్పు సగం చేరగా, అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వరకు 2019 మార్చిలో, రాయదుర్గం వరకు అదే ఏడాది నవంబరులో రైళ్లు నడిచాయి. చివరి స్టేషను తరువాత రైలు ఒక పట్టా నుంచి మరో పట్టాకు మారి వెనుదిరిగే ఏర్పాటు సిద్ధం కానందువల్ల, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకూ హైటెక్ సిటీకీ మధ్య తొలినాళ్లలో ఒక్కో పట్టాపై ఒక్కో రైలు వచ్చిపోయేది. హైటెక్ సిటీలోని ఐటీ భవనం సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైందని గుర్తుచేసుకుంటే, ఉద్యోగాలు వచ్చిన రెండు దశాబ్దాల తరువాత గాని రైలు రాలేదని స్పష్టమవుతుంది. ఆ వ్యవధిలో శివారు కార్లకూ కంపెనీ బస్సులకూ అలవాటుపడి, రోడ్లను, భవనాలను వాటికి తగినట్లే మలచుకుంది; అందువల్లనే రాయదుర్గంలో దిగిన ఉద్యోగి కార్యాలయం చేరడానికి ఇప్పటికీ ఆటోనో, షటిల్ వాహనాన్నో వెతుక్కోవలసి వస్తుంది.

మార్గం రూపాన్ని దాని ఆర్థిక విధానం కూడా ప్రభావితం చేసింది. 2010 సెప్టెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం ఎల్ అండ్ టీ సంస్థ పెట్టుబడి పెట్టి, నిర్మించి, 35 ఏళ్లు నడిపే హక్కు పొందగా, చార్జీలతోనే ఖర్చు తిరిగిరాని ఇలాంటి పనులకు ప్రభుత్వమిచ్చే వయబిలిటీ గ్యాప్ ఫండింగు కింద కేంద్రం రూ. 1,458 కోట్లు మంజూరు చేసింది. తక్కిన లోటును ప్రభుత్వమిచ్చిన 269 ఎకరాల్లో కట్టే వాణిజ్య భవనాల ఆదాయంతో పూడ్చుకోవాలన్నది అంచనా. 2025 సెప్టెంబరులో తొలి దశను రాష్ట్రానికి అప్పగించడానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదరడాన్ని బట్టి, నగర రవాణాను భూమి వ్యాపారంతో నిలబెట్టడం ఎంత కష్టమో తెలుస్తుంది.

భూమితో ముడిపడిన కష్టాన్ని పాతబస్తీ మరోవిధంగా భరించింది. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషను) నుంచి ఫలక్‌నుమా వరకు పోవలసిన రెండవ కారిడారు, దారి పొడవునా ఆస్తుల సేకరణ, ప్రార్థనా స్థలాల పరిరక్షణ గురించిన వివాదాల వల్ల 2020లో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషను) వద్దనే ఆగిపోయింది.

విస్తరణ దిశ కూడా ప్రభుత్వాలతో పాటే మారింది. రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన మార్గాన్ని తరువాతి ప్రభుత్వం విరమించి, నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్టల మీదుగా అదే విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్ల మార్గాన్ని ఎంచుకుంది. ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట, రాయదుర్గం–కోకాపేట, మియాపూర్–పటాన్‌చెరు, ఎల్బీనగర్–హయత్‌నగర్ మార్గాలతో కలిపి 76.4 కిలోమీటర్ల రెండవ దశను 2024లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. ఇళ్లు ఎక్కువగా ఉన్న తూర్పు, దక్షిణ ప్రాంతాలను విమానాశ్రయ మార్గంలో చేర్చడం ఈ ప్రణాళికలో గుర్తించదగిన మార్పు.

కోకాపేటలో మాత్రం ముందు భూమి, తరువాత రైలు అనే పాత క్రమమే పునరావృతమవుతోంది. అక్కడి నియోపోలిస్ లేఅవుటులో 2023 ఆగస్టు నాటి వేలంలో ఎకరం ధర రూ. 100 కోట్లు దాటగా, దానికి మెట్రో మార్గం ఆ మరుసటి ఏడాదే మంత్రివర్గ ఆమోదం పొందింది. స్తంభాలను రోడ్డు మధ్యలో నిలపడం, పట్టాల మీదుగా వంతెన వేయడం వంటి సమస్యలను హైదరాబాదు ఇంజనీర్లు పరిష్కరించగలిగారు. భూమిని అమ్మేముందే రైలుకు దారి నిర్ణయించడం పాలకులు అలవరచుకోవలసిన పద్ధతి. అది జరగనంతవరకు ప్రతి కొత్త శివారూ ముందు వాహనాలతో నిండి, ఆ తరువాతే మెట్రో కోసం ఎదురుచూస్తుంది.