నూనె కాస్త పక్కన పెట్టండి

ఇలా నెగడు దగ్గరకి జరగండి. డిసెంబరులో అరకు చలి సంగతి వేరే చెప్పాలా! పొద్దున వలిసె పూల పొలాల్లో ఫొటోలు, మధ్యాహ్నం బొర్రా గుహల మెట్లు, చీకటి పడేసరికి పిక్కలు పట్టేయడం. వచ్చినవాళ్లందరిదీ ఇదే వరస. "కాస్త నూనె రాసి రుద్దు, పోతుంది" అని ఎవరో ఒకరు అననే అంటారు.

రాయండి, తప్పేం లేదు. ఆ వలిసె గింజల నూనె కూరకీ వస్తుంది, ఒంటికీ వస్తుంది. బిగిసిన పిక్కను అరచేత్తో పైకి నిమరాలంటే చెయ్యి జారాలి కదా. కానీ మర్దనలో ఫ్రిక్షన్ అని ఇంకో పని ఉంది. దానికి నూనె పనికిరాదు. వేలు చర్మం మీద జారకూడదు. చర్మాన్ని కూడా వెంటబెట్టుకుని అడుగునున్న పోగుల మీద కదలాలి, అదీ అడ్డంగా.

దీనికి ఒక పద్ధతి ఏర్పరిచినవాడు లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి డాక్టరు జేమ్స్ సిరియాక్స్ (1904–1985). కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్‌లో నొప్పి పుడుతున్న చోటు కచ్చితంగా పట్టుకోవాలి. వేలి కొసంత జాగా, అంతే. అక్కడ చూపుడు వేలి మీద మధ్య వేలు వేసి, పోగులకు అడ్డంగా పది ఇరవై నిమిషాలు ఆడించాలి. మొదట ప్రాణం మీదికొస్తుంది, కాసేపటికి మొద్దుబారుతుంది. మర్నాడు సెలవు.

పోగుల మధ్య అతుకులు విడిపోతాయని ఆయన లెక్క. 2014లో, వైద్య పరీక్షల ఫలితాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థవాళ్లు మోచేయి, మోకాలి బయటివైపు నొప్పుల మీద వెతికితే దొరికినవి రెండే రెండు చిన్న పరీక్షలు. మేలుందో లేదో తేల్చలేకపోయారు. కాబట్టి "గడ్డలు కరిగించేస్తా" అని బల్లగుద్దే మసాజ్ సెంటర్లకు నేనైతే పైసా ఇవ్వను. అయినా, ఒళ్లంతా పిసికేయకుండా ముందు చోటు వెతకమన్న ఆ డాక్టరు మీద మాత్రం గౌరవమే.

ఏళ్ల తరబడి కావడి మోసిన భుజం, మోపుతో కొండ దిగే మనిషి మోకాలు... నొప్పి ఒకేచోట తిష్ఠ వేసేది అలాంటివాళ్లకి. ఈ పద్ధతి పుట్టింది ఆ రకం నొప్పులకే. ఒక్కపూట మెట్లెక్కిన మన పిక్కలకు అంత వైభోగం దేనికి?

ఒక్కటి మాత్రం చూసుకోండి. ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు నూనె వద్దు, వేలూ వద్దు, ఆసుపత్రికి పదండి. మిగతావాళ్లకి వేణ్ణీళ్లూ, ఓ కునుకూ చాలు. పొద్దున్నే కాఫీ తోటలకు నడవాలి మరి!