జపాన్ కారులో పరాయివాడి బోల్టు

జపాన్‌కి కారు విడిభాగాలు అమ్మడానికి అడ్డం పడే పన్నేమీ లేదు. కార్ల మీద దిగుమతి సుంకం 1978లోనే ఎత్తేశారు, ప్రధాన విడిభాగాల మీదా సున్నాయే. మరి బయటివాళ్ళు లోపలికి వెళ్ళడం ఎందుకంత కష్టం? నాలుగేళ్ళుగా నగోయా దగ్గరి ఒక విడిభాగాల కంపెనీ కోసం హైదరాబాదులో కూర్చుని కోడు రాస్తున్నాను కాబట్టి, ఈ ప్రశ్న నాకు ఊరికే వచ్చింది కాదు.

అమెరికావాళ్ళు బెదిరించి చూశారు. 1995లో 13 రకాల జపాన్ లగ్జరీ కార్ల మీద 100 శాతం సుంకం వేస్తామన్నారు. జూన్ 28న ఆఖరి నిమిషంలో రాజీ కుదిరింది. విదేశీ విడిభాగాలు ఎక్కువ కొంటామని జపాన్ కంపెనీలు చెప్పాయి. కాకపోతే ఆ కొనుగోళ్ళు ఎక్కువగా అమెరికాలోని వాళ్ళ సొంత ఫ్యాక్టరీల కోసమే!

తర్వాత 1999లో నిస్సాన్‌కి కార్లోస్ ఘోన్ వచ్చాడు. మూడేళ్ళలో కొనుగోళ్ళ ఖర్చు 20 శాతం తగ్గాలి, 1,145 మంది సరఫరాదారులు 600కి దిగాలి అన్నాడు. వాటాలతో అల్లుకున్న కంపెనీల కుటుంబాన్ని అక్కడ కైరెత్సు అంటారు. ఆ అల్లిక నిస్సాన్‌లో తెగింది. ధర తగ్గిస్తే జపాన్ తలుపు తెరుచుకుంటుందని మన సేల్స్‌వాళ్ళు ఇప్పటికీ నమ్మేది ఈ కథ విన్నాకే. నాకు మాత్రం అసలు కథ ఇంకోటి అనిపిస్తుంది.

1997 ఫిబ్రవరి 1న కరియాలో ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడింది. టొయోటా బ్రేకుల్లో వాడే పీ-వాల్వులు దాదాపు అన్నీ అక్కడే తయారయ్యేవి, నిల్వ కొద్దిగానే ఉంది. లైన్లు ఆగిపోయాయి. పదుల కొద్దీ కంపెనీలు, ఆఖరికి కుట్టుమిషన్లు చేసే బ్రదర్ కూడా, డబ్బు సంగతి తర్వాత చూసుకుందామని వాల్వులు చేసిచ్చాయి. పదిరోజుల్లోపే టొయోటా గాడిన పడింది. అలాంటి రోజున రేటు అడగనివాణ్ణి, ఐదు శాతం తక్కువకి వచ్చే కొత్తవాడి కోసం ఎవరు వదులుకుంటారు చెప్పండి?

అలాగని దారే లేదనుకోకండి. ఏ భాగం ఎవరిదన్నది కారు రోడ్డెక్కడానికి ఏళ్ళ ముందే, డిజైన్ దశలోనే తేలిపోతుంది. సరఫరాదారుల ఇంజనీర్లు కారు కంపెనీ ఆఫీసులోనే నెలల తరబడి కూర్చుంటారు, వాళ్ళని గెస్ట్ ఇంజనీర్లంటారు. దొరకాల్సింది ఆ కుర్చీ. ఇనుము పనిలో అది పరాయివాడికి దొరకడం చాలా కష్టం. సాఫ్ట్‌వేర్‌లో అలా కాదు. కోజిమా అనే సరఫరాదారు మీద జరిగిన సైబర్ దాడి వల్ల 2022 మార్చి 1న టొయోటా జపాన్‌లో 14 ప్లాంట్లు ఒక రోజంతా ఆపేయాల్సి వచ్చింది. 2030 నాటికి ఐటీ మనుషుల కొరత 7.9 లక్షల దాకా పోవచ్చని అక్కడి ప్రభుత్వమే 2019లో లెక్కేసింది. వాళ్ళకి మనుషులు కావాలి, కానీ వచ్చి పోయే మనుషులు కాదు.

మా క్లయింటు బగ్ పంపితే ఫిక్స్ ఒక్కటే ఇస్తే సరిపోదు. ఎందుకొచ్చింది, టెస్టింగులో ఎందుకు దొరకలేదు, మళ్ళీ రాకుండా ఏం మార్చారు... ఆరు లైన్ల కోడుకి పదకొండు పేజీల ఎక్సెల్! రెండేళ్ళు అలా ఓపిగ్గా నింపాక, వాళ్ళే డిజైన్ డాక్యుమెంట్లు ముందుగా పంపి మా అభిప్రాయం అడగడం మొదలుపెట్టారు. మా మేనేజ్‌మెంటుకి ఇది ఆనదు. వాళ్ళ ప్రెజెంటేషన్లో మొదటి స్లైడు గంటకి ఎంత రేటన్నదే. ఈమధ్య ఆరుగురిలో ముగ్గుర్ని వేరే ప్రాజెక్టుకి లాగేసి ఫ్రెషర్లని పెట్టారు. క్లయింటు గొడవేమీ చెయ్యలేదు. "అలాగా" అన్నాడంతే. జపాన్‌వాళ్ళతో పనిచేసినవాళ్ళకి ఆ మాట ఎంత బరువో తెలుసు :)

అయినా వాళ్ళు ఇంకో అవకాశం ఇస్తున్నారు. తర్వాతి మోడల్ డిజైన్‌కి పాతవాళ్ళలో ఇద్దరు నగోయా వచ్చి రెండేళ్ళు ఉండాలట, అందులో ఒక పేరు నాది. జీతం పెద్దగా మారదు. నా చేతిలో యాభై శాతం హైకుతో ఒక బ్యాంకింగ్ ప్రాజెక్టు ఆఫర్ ఉంది, నెత్తిన హోమ్ లోనూ ఉంది. నేను కూడా పోతే పాతవాళ్ళు ఇద్దరే మిగులుతారు, వాళ్ళలో ఒకమ్మాయికి వచ్చే నెల పెళ్ళి. శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.