యే వూళ్ళో వుందాం?

వుద్యోగం చేసినన్నాళ్ళూ యే వూళ్ళో వుండాలో పైవాళ్ళే చెప్పారు. ముప్పయ్యొక్క సంవత్సరాల్లో పదమూడు అద్దె ఇళ్ళు మారాం. పదవీ విరమణ అయిన మర్నాడు కాఫీ తాగుతూ, "ఇక మన ఇష్టం. యే వూళ్ళో వుందాం?" అన్నాను మా ఆవిడతో. ఆవిడ గ్లాసు కింద పెట్టి, "నన్నేనా అడుగుతున్నారు?" అంది. పదమూడుసార్లు సామాను కట్టి విప్పిన మనిషి. ఆ మాటలో యెంత వుందో నాకప్పుడు తట్టలేదు.

గోదావరి సీమ దాటి పోకూడదన్నంతవరకు మా ఇద్దరికీ పేచీ లేదు. విశాఖపట్నంలో వున్న అమ్మాయి అక్కడికి వచ్చెయ్యమంది, హైదరాబాదులో వున్న అబ్బాయి అక్కడికి రమ్మన్నాడు. నీళ్ళు మారితే పడదని చెప్పి తప్పించుకున్నాం. అసలు సంగతేమిటంటే, కొడుకు ఇంట్లోనైనా కూతురి ఇంట్లోనైనా వంటగది ఇంకొకరిది కదా!

నా మటుకు నాకు వూరు సిద్ధంగానే వుంది. కోనసీమలో మా లంక. సొంత ఇల్లు పోయి చాలా కాలమైనా, మా పినతండ్రిగారి అబ్బాయి తన స్థలంలో రెండు గదులు వేసుకోమంటున్నాడు. ఒకసారి చూసి వద్దామని మా ఆవిణ్ణి బయలుదేరదీశాను. యానాం దగ్గర వంతెన వచ్చాక కాకినాడ నుంచి రోడ్డునే పోవచ్చు. కాని పంటు మీద గోదావరి దాటకపోతే నాకు సొంతవూరు వెళ్ళినట్టే వుండదు. అందుకని కోటిపల్లి రేవులో పంటు యెక్కి ముక్తేశ్వరంలో దిగాం.

కోనసీమ అందం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? గౌతమికీ వసిష్ఠకూ నడుమ, వైనతేయ మధ్యలోంచి పారుతూ వుంటే, గట్టు దిగిన చోటల్లా కొబ్బరితోట. తోటలో అరటి, అరటి సందుల్లో కంద. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలవలు పారి యీ డెల్టా అన్నపూర్ణ అయిందంటారు. మా మరదలు ఆ మధ్యాహ్నం వడ్డించిన పనసపొట్టు కూరతో నా నిర్ణయం అయిపోయింది. చాప మీద వాలి, ఇంకెక్కడికీ పోనక్కర్లేదనుకున్నాను.

రాత్రి ఆడవాళ్ళిద్దరూ అరుగు మీద కబుర్లలో పడ్డారు. "వరదలొస్తే యేం చేస్తారమ్మా?" అంది మా ఆవిడ.

"యేం చేస్తాం అక్కయ్యగారూ? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక అనగానే బియ్యం డబ్బాలు మోసుకుని డాబా మీదికెక్కాం. పాలు పడవ మీద వచ్చేవి" అని నవ్వింది మా మరదలు. 1996 నవంబరు తుఫాను సంగతి మా తమ్ముడు అందుకున్నాడు. ఆ ఒక్క రాత్రికి తోట తోటంతా నేల కూలిందట. కొబ్బరిమొక్క మళ్ళీ నాటితే కాపుకు రావడానికి యెన్నేళ్ళు పడుతుందో తోట వున్నవాళ్ళకే తెలుసు.

"మరి వొంట్లో బాగాలేకపోతే?"

"అమలాపురం తీసుకుపోతాం."

"అర్ధరాత్రయితే?"

"వరద రోజుల్లోనా? తెల్లారాలండీ మరి."

తిరుగు ప్రయాణంలో పంటు మీద మా ఆవిడ చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లిగా, "ఇద్దరం వున్నన్నాళ్ళూ యెక్కడైనా గడుస్తుందండీ. తర్వాత ఒక్కరే వుండాలి కదా. ఆ ఒక్కరూ మీరైనా సరే, నేనైనా సరే" అంది. పంటు ఇంజను చప్పుడు చేస్తూ వుండడం నాకు మేలయింది. జవాబు చెప్పవలసిన అవసరం రాలేదు.

అది మొదలు మా వెతుకులాట తీరే మారిపోయింది. నా నోటుబుక్కులో గ్రంథాలయం, యేటి ఒడ్డు, సాయంకాలం నలుగురు స్నేహితులు అని రాసుకున్నాను. ఆవిడ యేమీ రాసుకోలేదు. యే వూరు వెళ్ళినా ఇంటి దగ్గర్నుంచి కూరల కొట్టుకూ, మందుల షాపుకూ, డాక్టరు దగ్గరకూ నడిచి చూసేది.

రాజమహేంద్రవరం నాకు ప్రాణం. 1900 నుంచి 1997 దాకా రైళ్ళను మోసి విశ్రాంతి తీసుకుంటున్న పాత వంతెన వుంది. గౌతమీ గ్రంథాలయం వుంది. కోటిలింగాల రేవులో పొద్దువాలేటప్పటి గాలి వుంది. అన్నీ వున్నాయి గాని, మా అద్దెకు తగిన ఇల్లు మూడో అంతస్తులో దొరికింది. లిఫ్టు మీద "పనిచేయుట లేదు" అన్న కాగితం పసుప్పచ్చబడి వుంది. మా ఆవిడ మెట్లెక్కి, దిగి, "గోదావరిని చూడ్డానికి వద్దాం లెండి" అంది. పైగా పన్నెండేళ్ళకోసారి వచ్చే పుష్కరాలకు చుట్టాలందరూ మన ఇంట్లోనే దిగుతారు! ఆ మాట పైకి అనలేదు గాని నేనూ ఆలోచించాను.

కాకినాడకు పింఛనుదార్ల స్వర్గమని పేరు. తిన్నని వీధులు. రంగరాయ వైద్య కళాశాల, పెద్దాసుపత్రి వున్నాయి. మా ఆవిడ దాదాపు సరేనంది. సాయంత్రం ఒక వీధిలో అరగంట నిలబడ్డాం. అన్నీ మంచి ఇళ్ళే, అన్ని గేట్లూ మూసే వున్నాయి. యెవరు కావాలండీ అని అడిగిన పాపాన పోయినవాడు లేడు. నాకది నెమ్మదిగా తోచింది. ఆవిడ తల అడ్డంగా వూపింది.

విసిగిపోయి అమ్మాయి దగ్గరకు బయలుదేరాం. కాకినాడ ప్రధాన రైలుమార్గానికి పక్కగా వుంటుంది కనుక సామర్లకోటలో బండి మారాలి. ఆ బండి మూడు గంటలు ఆలస్యం. "ముప్పయ్యేళ్ళుగా యీ ప్లాట్‌ఫారం మీద కూర్చుంటున్నాం. వూళ్ళోకి యేనాడైనా వెళ్ళామా?" అంది మా ఆవిడ. ఆటో చేసుకుని భీమేశ్వరస్వామి గుడికి వెళ్ళాం.

తూర్పు చాళుక్యుల నాటి గుడి. పంచారామాల్లో ఒకటి. తెల్లని లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి వస్తుంది. అభిషేకం పైన చేస్తారు. మెట్లు దిగి వచ్చేసరికి మంటపంలో ఒక పెద్దావిడ వొత్తులు చేసుకుంటోంది. కొడుకు మద్రాసులో, కూతురు భువనేశ్వరంలో వున్నారట. "ఇద్దరికీ యిక్కడే రైలాగుతుంది తల్లీ, మారే పని లేదు" అంది.

"ఒక్కరే యెలా వుంటున్నారండీ?"

"ఒక్కదాన్ని కానిస్తేగా! పాలవాడు కేకేస్తే పలక్కపోతే పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగిచూస్తారు. మొన్నోనాడు దొడ్లో వుండి వినిపించుకోలేదు. తలుపు విరగ్గొట్టబోయారు!"

మా ఆవిడ పక్కన చతికిలబడి తనూ రెండు వొత్తులు చేసింది. ఆ సాయంత్రం వచ్చిన బండిని మేము యెక్కలేదు.

సామర్లకోట అందమైన వూరని నేననను. లారీల దుమ్ము, కాలవ దోమలు, రాత్రల్లా రైలు కూతలు. నా పుస్తకాలకు ఇప్పుడూ రాజమహేంద్రవరమే పోవాలి. అయితే అక్కడికి రైలుంది. కాకినాడ పెద్దాసుపత్రి అరగంట దూరం. విశాఖకూ హైదరాబాదుకూ మధ్య తిరిగే గోదావరి ఎక్స్‌ప్రెస్సు యిక్కడ ఆగుతుంది గనుక అమ్మాయీ అబ్బాయీ ఒకే బండిలో చెరోవైపు నుంచీ రావచ్చు. గుడికి రెండు వీధుల అవతల, మెట్లు లేని పెంకుటింట్లో దిగాం. ఇది పధ్నాలుగోది.

సామాను సర్దిన మర్నాడు మా ఆవిడ సంచీ తీసుకుని, "మీరు రావద్దు. ఒక్కదాన్నీ వెళ్ళొస్తాను" అని కూరలకు బయలుదేరింది. నేను అరుగు మీద కూర్చున్నాను. గడియారం చూస్తే పది నిమిషాలే అయింది. మళ్ళీ చూశాను. నలభై నిమిషాలకు మలుపు తిరిగి వస్తూ కనిపించింది. పక్కన యెవరో ఆవిడతో మాట్లాడుతూ, సంచీ చెరో పిడీ పట్టుకుని, తాపీగా.