జున్నుగాడి భీమిలి

మధురవాడలో కొత్త ఫ్లాట్ గృహప్రవేశం రోజు మా జున్నుగాడు లోపలికి వస్తూనే నేరుగా వెళ్లి గోడకి గుద్దుకున్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొత్త టైల్స్ కదా, కాలు జారి ఉంటుందనుకున్నాం. వాడు లేచి నాలుగడుగులు వేసి, ఈసారి నీళ్ల బిందెని తన్నేశాడు. తర్వాత హాలు మధ్యలో నిలబడి వణకడం మొదలుపెట్టాడు. హోమం పొగకి బెదిరాడన్నారు పంతులుగారు. "శుభమా అని ఇంట్లో పాలు పొంగిస్తుంటే కుక్కని తీసుకొచ్చారేంటర్రా" అని మా పెద్దత్త గొణిగింది. నాన్న ఒక్కరే ఏమీ అనలేదు. వాణ్ణి ఎత్తుకుని లిఫ్ట్ వైపు నడిచారు.

సాయంత్రం భీమిలిలో పాత ఇంటికి వచ్చాం. గేటు తీయగానే జున్నుగాడు మూడు మెట్లెక్కి, తులసికోట చుట్టూ తిరిగి, వరండాలో నాన్న పడక్కుర్చీ పక్కనుంచి సర్రున వెళ్లి నీళ్ల గిన్నె దగ్గర ఆగాడు. ఎక్కడా ఒక్క దెబ్బ తగల్లేదు. "చూశావా, వాడికేం కాలేదు" అంది అమ్మ.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఒక మెషిన్‌లో శుభ్రంగా నడిచే ప్రోగ్రామ్ ఇంకో మెషిన్‌లో పడిపోతే, కొత్త మెషిన్‌ని తిట్టుకుని లాభం లేదు. పాత మెషిన్‌లో ఏదో ఒకటి ఇన్నాళ్లూ దాని తప్పుని కప్పిపెడుతోందని అర్థం. అందుకే ఆ రాత్రి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వరండాలో వాడి దారికి అడ్డంగా పెట్టాను. జున్నుగాడు ఎప్పటిలాగే ధీమాగా నడుచుకుంటూ వచ్చి ముక్కు గుద్దుకున్నాడు. వెనక్కి తగ్గి, కుర్చీ వైపు కాకుండా నా వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

జున్ను మా ఇంటికొచ్చింది 2013లో. నేనప్పుడు ఇంటర్ ఫస్టియర్. పమేరియన్ అని చెప్పి ఇచ్చారు. మన ఊళ్లలో పమేరియన్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు, పెరట్లో వేపచెట్టు కూలిపోతుంటే వాడు నా ఒళ్లో దూరి రాత్రంతా కదల్లేదు. నేను చదువుకీ ఉద్యోగానికీ హైదరాబాద్ వెళ్లిపోయాక, అమ్మానాన్నలకి కొడుకు డ్యూటీ వాడే చేశాడు. ఇప్పుడు పన్నెండేళ్లు. కుక్కల లెక్కలో తాతగారన్నమాట.

వాడి కళ్లలో మబ్బు లాంటిది వచ్చి చాలా కాలమైంది. వీడియో కాల్‌లో చూసి "వయసు కదా" అనుకునేవాణ్ణి. అందులో సగం నిజమే. విశాఖలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ ముందు చెప్పింది అదే. ఆరేడేళ్లు దాటిన కుక్కల కంట్లో లెన్స్ మధ్యభాగం గట్టిపడుతుంది. కొత్త పొరలు పెరుగుతూ పాతవాటిని లోపలికి నొక్కేస్తుంటాయి. దాంతో పాప నీలం కలిసిన బూడిదరంగులో కనిపిస్తుంది. వెలుతురు మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది, చూపు పెద్దగా పోదు. దగ్గరి వస్తువు కొంచెం మసగ్గా ఉంటుందంతే. మన చత్వారానికి దాయాది అనుకోండి. శుక్లం వేరు. అది తెల్లగా, విరిగిన పాలలా ఉంటుంది, వెలుతురుని ఆపేస్తుంది. మామూలు కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఇంట్లో కూర్చుని తేల్చేయకూడదు.

ఆవిడ వాడి కంటి ముందు చెయ్యి ఆడించింది. రెప్ప వేయలేదు. దూదిని ఉండచేసి కళ్ల ముందు వదిలింది. దూదికి చప్పుడుండదు, కళ్లతోనే పట్టుకోవాలి. వాడు పట్టించుకోలేదు. కింది రెప్పలో సన్నటి కాగితం పట్టీ పెట్టి ఒక నిమిషం ఆగి, ఎంత మేర తడిసిందో కొలిచింది. కన్నీళ్లు సరిపడా ఉన్నాయో లేదో చూసే పరీక్ష అది. 15 మిల్లీమీటర్లు దాటితే మంచిదట, మనవాడిది 18. అదొక్కటే పాసయ్యాడు.

"ఇంట్లో ఏమైనా మందు వేశారా?" అని అడిగింది.

అమ్మ నా వైపు చూసింది. తన శుక్లం ఆపరేషన్ అయ్యాక మిగిలిన చుక్కలు ఓ వారం పాటు వాడి కంట్లో వేసిందట. ఇద్దరిదీ ఒకే జబ్బు కదా అని. డాక్టరమ్మ గొంతు మారింది. అలాంటి చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. కుక్క కంటి నల్లగుడ్డు మీద చిన్న పుండున్నా స్టెరాయిడ్ దాన్ని లోతుగా తినేస్తుంది, కన్నే పోవచ్చు. రంగు మందు అద్ది నీలి లైటు వేసి చూసింది. పుండుంటే అక్కడ పచ్చగా మెరుస్తుంది. అదృష్టం, మెరవలేదు. అమ్మ దారిపొడవునా మాట్లాడలేదు.

రెండు కళ్లలోనూ శుక్లాలే. నాకైతే లోపల సంతోషం కూడా వేసింది. ఆపరేషన్ ఉంది కదా, మనుషులకి చేసినట్టే లెన్స్‌ని కరిగించి లాగేసి కొత్తది పెడతారు, డబ్బు నేను పెట్టుకుంటాను అనుకున్నాను. డాక్టరమ్మ ఒక్క ప్రశ్న అడిగింది. "వీడికి మొదట ఇబ్బంది పగలొచ్చిందా, చీకటి పడ్డాకా?"

నాన్న మెల్లగా చెప్పారు. "రెండేళ్ల నుంచి సాయంత్రం బీచ్ మెట్లు దిగనని మొండికేస్తున్నాడమ్మా. సోమరితనం అనుకున్నాం."

మొండితనం కాదు, రేచీకటి. రెటీనా క్రమంగా చచ్చిపోయే జబ్బొకటుంది. అందులో ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పగటి చూపు పోతుంది, చివర్లో దాని మీద శుక్లం కూడా వచ్చి కూర్చుంటుంది. అలాంటప్పుడు కిటికీ అద్దం తుడిచినా లోపల చూసేవాళ్లుండరు. అందుకే ఆపరేషన్‌కి ముందు ఈఆర్‌జీ తీయాలట. కంట్లో వెలుతురు కొట్టి, రెటీనా పంపే కరెంటు సిగ్నల్‌ని గీతగా గీస్తుంది ఆ మెషిన్. కారు వెనక సీట్లో వాణ్ణి పడుకోబెట్టి హైదరాబాద్ తీసుకెళ్లాం. ఆ ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. స్క్రీన్ మీద గీత దాదాపు తిన్నగా వచ్చింది. ఆపరేషన్ వద్దన్నారు.

ఆ రాత్రి నా ఫోన్లో జున్నుగాడి ఫొటోలన్నీ వెనక్కి తిప్పాను. మేం లాగ్స్ చూస్తాం చూడండి, అలా. ఫ్లాష్‌తో తీసినవాటిలో వాడి కళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. కుక్క కంట్లో రెటీనా వెనక అద్దం లాంటి పొర ఉంటుంది, ఆ మెరుపు దానిది. రెటీనా పలచబడి, పాప పెద్దగా తెరుచుకుని ఉంటే మెరుపు ఇంకా ఎక్కువవుతుందని డాక్టరమ్మ చెప్పింది. పాత ఫొటోల్లో రెండు చిన్న చుక్కలు. మొన్నటి సంక్రాంతి ఫొటోలో రెండు టార్చిలైట్లు. ఆ ఫొటోకి "మా ఇంటి హెడ్‌లైట్స్" అని క్యాప్షన్ పెట్టి స్టేటస్ వేసింది నేనే.

మీ ఇంట్లో పెద్దవయసు కుక్క ఉంటే ఈ ఒక్క పేరా గుర్తుంచుకోండి, మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు. చీకట్లో తడబడుతుంటే చూపించండి. నీళ్లు విపరీతంగా తాగుతూ ఉన్నట్టుండి కళ్లు తెల్లబడితే షుగర్ టెస్ట్ చేయించండి. కన్ను ఎర్రబడి, ఉబ్బి, మూసుకుంటూ నొప్పితో ఉంటే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. గ్లకోమా అయితే ఒకటి రెండు రోజుల్లోనే చూపు పోవచ్చు. శుక్లాన్ని కరిగించే చుక్కలంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాటి జోలికి పోకండి, అలా కరిగించే మందు లేదు.

వారం సెలవు పెట్టి భీమిలిలోనే ఉండిపోయాను. పొద్దునా సాయంత్రం వాణ్ణి నేనే తిప్పాను. నేను పుట్టి పెరిగిన ఊరు. 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు ఓడలేసుకుని వచ్చిన ఊరు, 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. విశాఖ నుంచి సెల్ఫీల కోసం వచ్చేవాళ్లకి ఇవన్నీ చెబుతూ పోజు కొట్టేవాణ్ణి. ఊరు నాకు తెలిసిందల్లా కళ్లతోనే అని మొదటిరోజే తెలిసొచ్చింది.

గేటు దాటగానే వాడు ఎడమవైపు గోడకి జానెడు దూరంలో నడుస్తాడు. గోడ అయిపోగానే గాలి మారుతుంది కాబోలు, అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. తర్వాత ఇడ్లీ కొట్టు. ఆవిరి వాసన కుడివైపు నుంచి వస్తే తిన్నగా వెళ్లాలి. కరెంటు స్తంభం దగ్గర కాలెత్తడం, అది రోజువారీ హాజరు పట్టీ. గంటస్తంభం దాటి సముద్రం వైపు తిరిగాక సిమెంటు రోడ్డు పోయి గరుకు మట్టి వస్తుంది. డచ్ సమాధుల గోడ పక్కన నాచు, చెమ్మ, మేకల వాసన. లైట్‌హౌస్ దగ్గరికొచ్చేసరికి కాళ్ల కింద ఇసుక మొదలు. పొడి ఇసుకలో నెమ్మదిగా, తడి ఇసుకలో పరుగు. ఈ దారిలో వాడు నన్ను ఒక్కసారి కూడా దేనికీ తగలనివ్వలేదు. ఫోన్ చూసుకుంటూ కరెంటు స్తంభానికి గుద్దుకోబోయింది నేనే.

మూడోరోజుకి ఇంకో సంగతి గమనించాను. పొద్దున్నే బయల్దేరితే వాడు కాస్త సందేహంగా నడుస్తాడు, సాయంత్రం హుషారుగా నడుస్తాడు. కళ్లున్నప్పుడు దీనికి సరిగ్గా తిరగబడి ఉండేది. ఎందుకా అని ఆలోచిస్తే, గాలి. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది. వాసనలన్నీ వాడికి దూరంగా వెళ్లిపోతుంటాయి. అప్పుడు అలల చప్పుడొక్కటే వాడికి దారి. మధ్యాహ్నం దాటాక గాలి సముద్రం నుంచి ఊళ్లోకి తిరుగుతుంది. ఎండుచేపలు, పడవల డీజిలు, గోస్తనీ నది కలిసే చోట బురద, అన్నీ వాడి ముక్కు దగ్గరికే నడిచొస్తాయి. ఐదో క్లాసు సైన్సులో భూపవనాలు, సముద్రపవనాలు బట్టీ పట్టాను. అర్థమైంది మాత్రం గుడ్డికుక్క వెనక నడిచినప్పుడే.

ఒడ్డున నెత్తళ్లు ఆరబోస్తున్న మామ్మ మమ్మల్ని చూసి నవ్వింది. "ఏటి బావూ, కుక్కని నువ్వు నడిపిత్తన్నావా, అదే నిన్ను నడిపిత్తన్నాదా?"

"కళ్లు కనపడవు మామ్మా దీనికి."

"అయితే ఏటైపోద్ది? ముక్కున్నాది కదేటి. మా సిన్నోడు నడిరేతిరి ఏటకెళ్తాడు. ఆడికి మాత్రం నీటిలో ఏటగుపడతాది?" అంటూ ఒక నెత్తల్ని విసిరింది. ఇసుకలో పడిన చప్పుడుకి జున్నుగాడు రెండంగల్లో దాన్ని పట్టేశాడు.

ఇంటికొచ్చాక చూశాను, నాన్న చేతికర్రకి చిన్న మువ్వ కట్టి ఉంది. అమ్మ పాత పట్టీలోది. ఎప్పుడు కట్టారని అడిగితే, "వినాయకచవితి అప్పుడు" అన్నారు. అంటే గృహప్రవేశానికి ఐదు నెలల ముందు. నాన్నకి తెలుసు. వాడు తన అడుగుల చప్పుడు పట్టుకుని నడుస్తున్నాడనీ తెలుసు.

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వేం చేస్తావు? ఇల్లు మారడం ఆపుతావా?" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఇబ్బందిగా అనిపించింది.

ఫ్లాట్ నా ఆలోచన. లోను నాది, ప్రతి నెలా ఐదో తారీఖున కట్ అయ్యే ఈఎంఐ నాది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పాత ఇంటి మెట్లు ఎక్కలేదు, బోరు నీళ్లు ఉప్పు. మధురవాడలో లిఫ్టుంది, పక్కనే హాస్పిటల్ ఉంది. అమ్మ మనసు కూడా అటే ఉంది. నాన్నది ఎటని నేను అడగనే లేదు, జున్నుగాడి సంగతి సరేసరి.

అందరూ అనుకునేంత అసాధ్యమేం కాదని డాక్టరమ్మ అంది. చూపు లేని కుక్కలు కొత్త ఇంటి మ్యాపు కూడా నేర్చుకుంటాయి, కాకపోతే తొందర పెట్టకూడదు. మొదట ఒక్క గది. గిన్నె, పక్క ఎప్పుడూ ఒకే చోట. పక్కబట్ట ఉతక్కుండా పాతదే వేయాలి. ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో రకం పట్ట, కాలికి తేడా తెలిసేలా. బాల్కనీకి జాలీ. వెనకనుంచి తట్టకుండా ముందు పేరు పెట్టి పిలవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి పెట్టిన సోఫా జరపకూడదు. ఈ చివరిది వినగానే అమ్మ మొహం చూడాలి మీరు.

ఇప్పుడు నెలకి రెండు శనివారాలు రాత్రి రైలెక్కి వస్తున్నాను. ఆదివారం పొద్దున్న నలుగురం కార్లో మధురవాడ వెళ్లి, ఫ్లాట్‌లో నాలుగు గంటలుండి, మధ్యాహ్నం భోంచేసి, భీమిలి తిరిగొచ్చేస్తాం. నేను రాని వారాల్లో అమ్మానాన్నలే ఆటోలో తీసుకెళ్తారు. మొదటి రెండుసార్లు వాడు నాన్న కాళ్ల మధ్యనుంచి కదల్లేదు. మూడోసారి వంటింటి మూలలో ఇరుక్కుపోయి, ఎటు తిరగాలో తెలియక, మొరగకుండా అలాగే నిలబడిపోయాడు. అమ్మ చూసి ఏడ్చింది. సాయంత్రం నేను బ్యాగ్ సర్దుకుంటుంటే, ఫ్లాట్ అద్దెకిచ్చేద్దామా అని తనే అడిగింది. ఇంకొన్నాళ్లు చూద్దామన్నాను.

పోయిన ఆదివారం గుమ్మం దగ్గర కొబ్బరిపీచు పట్ట మీద కాలు పెట్టి ఆగాడు. వాసన చూశాడు. ఆరడుగులు తిన్నగా వేసి, సోఫా మూల మీసాలకి తగలగానే కుడివైపు తిరిగాడు. నీళ్ల గిన్నె అక్కడే ఉంది. తాగుతున్నంతసేపూ మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

నాన్న మాత్రం పడక్కుర్చీ ఇంకా భీమిలి నుంచి తేలేదు. హాల్లో ఎక్కడ వేసుకోవాలో తేలట్లేదంటున్నారు.