ఏరియల్ తీగలో నీళ్ళు

అబ్బాజాన్‌తో నేనాడిన ఝూట్ ఒకటి నాలుగు నెలలు మా ఇంట్లో తిరిగింది. దాని మూలం కారు ఏరియల్ తీగలోకి పోయిన నీళ్ళు.

మాది 1998 మోడల్ మారుతి 800. 2004లో అబ్బాజాన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అప్పుడాయన దామలచెరువు మామిడి మండీలో గుమాస్తా. సీజన్లో ఫజర్ నమాజు చదివి తిరుపతిలో బయల్దేరితే ఇషాకు ఇల్లు చేరేవారు. కారులో పాత యజమాని బిగించిన క్యాసెట్ సెట్ ఉండేది. క్యాసెట్లు అమ్మీకి, రేడియో అబ్బాజాన్‌కు. మీడియం వేవ్‌లో 900 మీద కడప ఆకాశవాణి. వాన వస్తుందా, గాలి లేస్తుందా అనే ఖబర్ కాయ మీద బేరం చేసేవాళ్ళకు బంగారం కదా. రాత్రిపూట మీడియం వేవ్ దూరం పోతుంది కాబట్టి 738 మీద హైదరాబాదు పట్టి, గరగరల మధ్య ‘నైరంగ్’ ఉర్దూ ప్రోగ్రాం కూడా వినేవారు.

రిటైరయినాక మండీ పోయింది గానీ ఆదత్ పోలేదు. అసర్ నమాజు నుంచి రాగానే ఇంటి ముందర నిలబెట్టిన కారులో కూర్చుని, అద్దం దించి, మగ్రిబ్ దాకా రేడియో వినేవారు. “నా ఫోన్లో అన్ని స్టేషన్లూ వస్తాయి అబ్బాజాన్” అంటే, “ఫోన్‌మే దూర్ సే ఆయే సరీకా నై రైతా రే” అనేవారు. దూరం నుంచి వచ్చినట్టుండదంట. అదేం దలీలో అని నేను నవ్వుకునేవాణ్ణి.

2021 నవంబరు 18, 19 తేదీలు తిరుపతివాళ్ళకు యాదుంటాయి. కళ్యాణి డ్యాం గేట్లెత్తినారు, స్వర్ణముఖి పొంగింది, కొండ మీదికి పోయే ఘాట్ రోడ్ల మీద చరియలు విరిగి పడినాయి. మా వీధి పల్లం. శుక్రవారం తెల్లారేసరికి కారులో సీట్ల దాకా నీళ్ళు. ఆ రోజు జుమాకు పోలేక అబ్బాజాన్ ఇంట్లోనే జొహర్ చదివి, కిటికీలోంచి కారు వైపే చూస్తా కూర్చున్నారు.

ఇంజను పని మెకానిక్ చేసినాడు. కార్పెట్లు మిద్దె మీద ఆరేసినాము. సెట్‌ను కూడా ఊడదీసి, వారం రోజులు ఎండ తగిలే కిటికీలో పెట్టి మళ్ళీ బిగిస్తే లైటు వెలిగింది, క్యాసెట్ తిరిగింది. రేడియో మాత్రం గుయ్ మంటుంది, అంతే. ఒక షాపుకు తీసుకుపోతే ఆ కుర్రాడు కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ పలక ఊడదీసి, తీగ కోసి, డిష్ కేబుల్ ముక్కొకటి అతికించి ఇచ్చినాడు. ఎఫ్ఎం 103.2 తిరుపతి స్టేషను గణగణ మోగింది. కడప రాలేదు. “సెట్టే పోయింది సార్, బ్లూటూత్‌ది వేసుకోండి” అన్నాడు. ఇంకో షాపుకు పోయే ఓపిక నాకు లేదు. నిజం చెప్పాలంటే, పాత కారులో పాత డబ్బా కోసం ఇంకో సెలవు పెట్టే మనసు లేదు.

ఆ సాయంత్రం అబ్బాజాన్ అడిగినారు: “కడప క్యూఁ నై ఆరా బేటా?”

“ఆ స్టేషను బంద్ చేసేసినారంట అబ్బాజాన్.”

ఎంత తేలికగా వచ్చేసిందో ఆ మాట. మీడియం వేవ్ స్టేషన్లు ఒక్కొక్కటీ మూసేస్తున్నారని పేపర్లో చదివిందే నా జుబాన్ మీదికొచ్చింది. ఆయన “అచ్ఛా” అన్నారు. ఒక పాత దోస్తు ఇంతెకాల్ ఖబర్ విన్నప్పుడు అనే “అచ్ఛా” అది. ఆ తర్వాత కూడా అసర్ కాగానే కారులో కూర్చునేవారు. రేడియో పెట్టేవారు కాదు.

2022 రంజాన్ ఏప్రిల్‌లో వచ్చింది. ఒకరోజు అబ్బాజాన్ గడ్డం సరి చేయించుకోను సెలూన్‌కు పోయినారు. ఆ సెలూన్లో ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఉంది. నేను ఆఫీసు నుంచి వస్తా ఆయన్ను పిలుచుకుపోదామని మెట్లెక్కుతుంటే లోపల్నించి వినపడింది: ఆకాశవాణి, కడప కేంద్రం. కుర్చీలో అబ్బాజాన్, మెడకు తెల్లగుడ్డ, ఎదురుగా అద్దం. అద్దంలో మా ఇద్దరి కళ్ళూ కలిసినాయి.

దారిలో ఒక్క మాటా లేదు. ఇఫ్తార్‌కు దస్తర్‌ఖాన్ ముందర కూర్చున్నాము. అజాన్ అయింది. ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, అందరి ముందర మామూలుగా అన్నారు: “కడప ఫిర్ చాలూ హుఆ కతే.”

మళ్ళీ మొదలుపెట్టినారంట. నా ఝూట్ మీద ఆయనే పర్దా వేసినారు, పెళ్ళాం బిడ్డల ముందర నా ఇజ్జత్ పోకుండా. తిట్టి ఉంటే బాగుండేది. రోజా ఇప్పిన ఆ ఖర్జూరం గొంతు దిగలేదు నాకు.

ఈద్ అయిన ఆదివారం చిత్తూరుకు బయల్దేరినాము, అబ్బాజాన్ పక్క సీట్లో. మా మామూజాన్ ఒకప్పుడు చిత్తూరులో బెల్లం లారీలకు టేపు రికార్డర్లు బిగించినవారు. షాపు మూసి ఏండ్లయినా పెట్టెలో సామానంతా అమానత్‌లాగా ఉంది. ఆయన చూపు తగ్గింది, చేతులు తగ్గలేదు.

సెట్ జోలికి పోలేదు మొదట. ఏరియల్ తీగ పిన్ను ఊడదీసి, ముల్లు మీటరు తెప్పించినారు. లోపలి సన్నతీగకూ కడ్డీ కొనకూ మధ్య కనెక్షన్ ఉండాలి. లోపలి తీగకూ దాని చుట్టూ ఉండే రాగి జాలీకీ మధ్య అసలు ఉండకూడదు. ఆ జాలీకీ కారు బాడీకీ మధ్య పూర్తిగా ఉండాలి. మూడు పరీక్షలు. మొదటిది పాసు. రెండోదానికి ముల్లు ఊగింది, అంటే లోపల తడి. మూడోదానికి ముల్లు సగం దూరంలోనే నిలబడింది.

డిష్ కేబుల్ ముక్క చూసి మామూ నవ్వినారు. “ఎవర్రా భాంజే ఈ ఉస్తాదు?” కడప అల పొడవు మూడు వందల ముప్పై మీటర్లంట. మన కడ్డీ ఒక్క మీటరు. దానికి దొరికేది చిటికెడు. అందుకే కారు ఏరియల్ తీగలో వెంట్రుక లాంటి తీగను గొట్టంలో వదులుగా, గాలి మధ్య పెడతారు, ఆ చిటికెడు కూడా జాలీలోకి కారిపోకుండా. డిష్ కేబుల్లో తీగ లావు, చుట్టూ బిగుతు. ఎఫ్ఎం దాంట్లో నడుస్తుంది. మీడియం వేవ్‌ను అది దారిలోనే తినేస్తుంది. సెట్టు చెడిపోలేదు. నాలుగు నెలలు నేను దాని మీద కూడా ఇల్జామ్ వేసినాను.

అంతటితో అయిపోలేదు. పాత తీగ అంగుళం కోస్తే రాగి పచ్చటి చిలుము. ఇంకో అంగుళం, అదే పచ్చ. దీపం వత్తి నూనె లాక్కున్నట్టు ఆ జాలీ నీళ్ళను లాక్కుంటుందంట. వరదనీళ్ళు కాళ్ళ దగ్గర జాయింటులోంచి పైకి పోయినాయి, మడ్‌గార్డు మీద ఎండకు పగిలిన రబ్బరు వాషర్‌లోంచి ఏండ్ల వాననీళ్ళు కిందికి దిగినాయి. అంటే వరద రాకపోయినా ఇంకో ఏడాదికో రెండేండ్లకో ఆ రేడియో పోయేదే.

అతుకు పనికి రాదని తీగ మొత్తం మార్చినారు. అంబాసిడర్ కార్ల కాలం నాటి తీగ ఒకటి పెట్టెలో దొరికింది. మడ్‌గార్డు లోపలివైపు తుప్పు, పెయింటు ఉప్పుకాగితంతో గీకి, ఇనుము మెరిసిందాకా రుద్దే పని నాది. మళ్ళీ మీటరు పెడితే ముల్లు చివరిదాకా పోయింది. నేను కొనుక్కుపోయిన సిలికాన్ ట్యూబు మామూ మూత తీసి వాసన చూసి పక్కన పెట్టేసినారు. సిర్కా వాసన వచ్చేది రాగిని కొరుకుతుందంట. సైకిల్ ట్యూబుతో వాషర్ కోసి, వ్యాజలీన్ పూసి బిగించినారు. తీగను రంధ్రంలోకి నేరుగా పోనీయకుండా ముందు ఒక వంపు కిందికి వేలాడదీసినారు, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోయేటట్టు. ఈ ఒక్క పనికి పైసా ఖర్చు లేదు, షాపుల్లో ఎవరూ చేయరు.

చివర్లో సెట్ పక్కన ఒక చిన్న స్క్రూ. తీగ మారితే దాన్ని మళ్ళీ సరిచేయాలి. బలమైన స్టేషను మీద కాదు, అతి బలహీనంగా వినపడేదాని మీద పెట్టి, ఆవాజ్ పెరిగిందాకా తిప్పాలి. మామూ కళ్ళు మూసుకుని తిప్పినారు. తర్వాత ముల్లు 900 మీదికి తెచ్చి అబ్బాజాన్ వైపు చూసి, “దూల్హేభాయ్, సునో” అన్నారు.

తిరుగు ప్రయాణంలో పూతలపట్టు దాటినాక రోడ్డు మీద మేమిద్దరమే. కడప వస్తా ఉంది, ఇంజను గరగరతో సహా. రంజాన్ నుంచి గొంతులో ఉన్నది అప్పుడు తీసినాను. “అబ్బాజాన్, ఆ రోజు నేను మీకు స్టేషను బంద్ అని...”

“చుప్ రే,” అన్నారు, వాల్యూం గుండీ తిప్పుతా. “ఖబ్రాఁ ఆరైఁ.”

వార్తలు అయిపోకముందే ఆయన నిద్రపోయినారు. చంద్రగిరి వచ్చింది. ఆపితే లేస్తారేమోనని రేడియో ఆపలేదు.